హీమోఫిలియా మోతాదు: త్రాసు చెప్పని సంగతి

హీమోఫిలియా అనగానే మనము నల్లబల్లపై విక్టోరియా రాణి వంశవృక్షమును గీయుదుము. తల్లినుండి కుమారునికి వ్యాధి సంక్రమించు తీరు చెప్పి పాఠము ముగింతుము. ఆ కుమారుని బ్రతుకు సంగతి చెప్పము. అందలి గణితము పదవ తరగతివారికి అందనిదేమియు కాదు.

రక్తము గడ్డకట్టుటకు కావలసిన ఎనిమిదవ ఫాక్టర్ లోపించినది 'ఎ' రకము, తొమ్మిదవది లోపించినది 'బి' రకము. ఉండవలసినదానిలో నూటికి ఒక వంతుకన్న తక్కువ యున్నచో వ్యాధి తీవ్రమైనదందురు. అట్టివారికి దెబ్బ తగలకయే మోకాలు, మోచేయి, చీలమండలలో రక్తము చేరును. పలుమార్లు చేరిన కీలు బిగుసుకొనిపోవును. ఒకటికి మించి యున్నవారికి ఈ బాధ తక్కువ. దీనిని గమనించియే 1958లో స్వీడన్ దేశపు మాల్మో వైద్యులు ఫాక్టర్‌ను ముందుగానే క్రమముగా ఎక్కింపసాగిరి. 2007లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధనలో, ఇట్టి నివారక చికిత్స పొందిన బాలురలో నూటికి 93 మంది కీళ్లు ఆరేండ్లకు చెడలేదు. రక్తము కారినపుడు మాత్రమే మందు పొందినవారిలో 55 మందికే ఆ భాగ్యము.

ఇంతవరకు వివాదము లేదు. నా అభ్యంతరమెల్ల బరువునుబట్టియే మోతాదు నిర్ణయించు అలవాటుపైన. కిలోకు ఒక యూనిట్ ఎనిమిదవ ఫాక్టర్ ఎక్కించిన, రక్తములో దాని మట్టము నూటికి సుమారు 2 వంతులు పెరుగును. 20 కిలోల బాలురు ఇద్దరికి 500 యూనిట్లు చొప్పున ఇచ్చితిమనుకొందము. ఇద్దరి మట్టమును 50. ఒకనిలో అది 12 గంటలకు సగమగును, రెండవవానిలో 8 గంటలకే. 48 గంటలకు మొదటివానిలో నాలుగుమార్లు సగమై 3 మిగులును. రెండవవానిలో ఆరుమార్లు సగమై ఒకటికన్న తక్కువకు దిగును. బరువొకటే, మందొకటే; రెండవవానికి రక్షణ లేదు!

ఈ భేదము కనుగొనుటకు పూర్వము పలుమార్లు రక్తము తీయవలసివచ్చెడిది. ఇప్పుడు రెండు మూడు నమూనాలతో, అనేక రోగుల లెక్కలతో పోల్చి, కంప్యూటరు అంచనా వేయును. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు ఇందుకొక ఏర్పాటు నడుపుచున్నారు. ఆ దేశముననే మరియొక పద్ధతియు కలదు: వారమునకొకసారితో మొదలిడి, రక్తము కారిన కొలది మోతాదులు పెంచుట. పొదుపైనదే, కాని కీలు చెడుటనే కొలబద్దగా పెట్టుకొనుట నాకు రుచింపదు.

ఇది ధనికదేశముల విలాసమని కొందరందురు. నాకు తలక్రిందుగా తోచుచున్నది. మన దేశమున మందు కొరతచే కిలోకు పది పదిహేను యూనిట్లతోనే వారమునకు రెండు మూడుసార్లు సరిపెట్టుట కలదు. సమృద్ధిగా ఉన్నచోట లెక్క తప్పినను కొంత చెల్లును, కొరతలో చెల్లదు. అదే మందును చిన్న మోతాదులుగా, దగ్గర దగ్గరగా ఇచ్చిన రెండవ బాలుడును నిలువగలడు.

అయితే అది మద్నూర్‌లో సాగవలెను. మహారాష్ట్ర సరిహద్దుననున్న ఈ ఊరినుండి హైదరాబాదు పోయి వచ్చుటకు ఒక పగలు పట్టును. మందును చల్లగా దాచవలెను, పసివాని నరము దొరకవలెను. లెక్కలో ఇవియు చేరవలసినవే. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ చర్మము క్రింద ఇచ్చునది. సగమగుటకు దాదాపు నాలుగు వారములు పట్టును గనుక మట్టములో ఎగుడుదిగుడులు స్వల్పము. కాని అది 'ఎ' రకమునకే. పెద్ద గాయమైనచో ఫాక్టర్ తప్పదు.

ఫాక్టర్ వాడు బాలునికి ఆటల రోజు ఉదయమునకే మోతాదును జరుపవచ్చును. ఆ రోజేదో వైద్యునికి తెలియదు, ఉపాధ్యాయునికి తెలియును.