ఉప్పు ఫైళ్లు కూడా అడగండి

నేరం, న్యాయం మీద పరిశోధనకు ఏం చదవాలని అడిగే విద్యార్థులకు పోలీసు రికార్డులతో పాటు ఉప్పు, రైళ్లు, భూమి ఫైళ్లు కూడా తిరగేయమని చెబుతాను. స్టువర్టుపురం సంగతే చూడండి.

బాపట్ల దగ్గరి ఆ ఊరు మనలో చాలామందికి సినిమాల వల్లే తెలుసు. 1913లో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల కోసం పెట్టిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు, నడిపింది సాల్వేషన్ ఆర్మీ. లైబ్రరీలో ఎరుకలవాళ్ల గురించి అడిగితే ముందు చేతికొచ్చేవి రెండు: మద్రాసు పోలీసు అధికారి మల్లాలీ 1892లో ‘నేరస్థ తరగతుల’ మీద వేసిన నోట్సు, మద్రాసు మ్యూజియం నడిపిన థర్‌స్టన్ 1909లో తెచ్చిన ఏడు సంపుటాలు. చదవాల్సినవే. కానీ అక్కడితో ఆగితే, ఆ కాలపు పోలీసు అనుమానమే మన పేరుతో థీసిస్‌గా బయటికొస్తుంది.

మీనా రాధాకృష్ణ 2001లో రాసిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ ఈ విషయంలో నా కళ్లు తెరిపించింది. ఎరుకలవాళ్లు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. సర్కారు ఉప్పు విధానం, రైళ్లు కలిసి ఆ బతుకుతెరువును దెబ్బతీశాయి. తర్వాత సెటిల్‌మెంటు మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. ఇవేవీ పోలీసు డైరీలో దొరికే సంగతులు కావు.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత జీవో తెరిస్తే ఆర్డరు చివర్న నాలుగు ముక్కలే ఉంటుంది. ప్రాణమంతా దానికి జతచేసిన ఉత్తరాల్లోనే. కలెక్టరు ఎక్కడ అడ్డు చెప్పాడు, ఖర్చు ఎవరు భరించమన్నారు, కూలి ఎంత అన్నారు, అన్నీ అక్కడే తేలతాయి. ఎరుకల కుటుంబాల గొంతు మాత్రం నేరుగా వినపడదు. సెటిల్‌మెంటు రోల్‌కాల్‌కు రానివాళ్ల మీద అధికారి విసుక్కున్న చోట ఆగి, ఎందుకు రాలేదో మనమే అడగాలి.

పత్రికలకు వేటపాలెం వెళ్లండి. 1918లో అక్కడ పుట్టిన సారస్వత నికేతనం లైబ్రరీ పాత తెలుగు పత్రికల్ని ప్రాణంలా కాపాడింది. స్టువర్టుపురం నుంచి రైలు దారిలో చీరాల దాటితే వేటపాలెం వస్తుంది. అరెస్టు వార్త దొరికిందని సంబరపడి కట్ట మూసేయొద్దు, తర్వాతి నెలల సంచికలూ తిప్పండి. కేసు కొట్టేసిన వార్త ఏ మూలో చిన్నగా ఉండొచ్చు.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టులో రద్దయింది. పరిశోధన అక్కడ ఆపకండి. 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. దానికోసం శాసనసభ చర్చల సంపుటాలు అడిగి చదవండి.