హాన్స్ పాఠం, పెళ్లి గుర్రం: ‘మచ్చిక’ భావనపై విమర్శ

1907లో ఆస్కార్ ఫంగ్‌స్ట్ ప్రచురించిన పరిశోధన తరువాత, ‘క్లెవర్ హాన్స్’ అనే బెర్లిన్ గుర్రం ప్రయోగదోషానికి పర్యాయపదమైంది. హాన్స్‌కు లెక్కలు రావు. ఎదుటి మనిషి తలలోని అతిసూక్ష్మ కదలికను గమనించి గిట్టతో తట్టడం ఆపేది. దీనిని గుర్రం వైఫల్యంగా మాత్రమే చదవడం అసమగ్రం. ప్రశ్నించినవారికే తెలియని సంకేతాన్ని అది గ్రహించింది, తినుబండారం ఆశతో నేర్చుకుంది.

ఈ దృష్టితో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో సాగే పెళ్లి ఊరేగింపులను పరిశీలించవచ్చు. బ్యాండు మోతలో, బాణసంచా వెలుగులో బెదరక నడిచే గుర్రాన్ని ‘మచ్చికైనది’ అంటాం. ఆ మాట మూడు భిన్న స్థితులను కలిపివేస్తుంది: శబ్దానికి అలవాటుపడటం, కళ్లెం పట్టు సడలే క్షణాన్నిబట్టి నేర్చుకోవడం, తప్పించుకునే దారిలేక స్పందన మానుకోవడం. మూడింటిలోనూ పైకి కనిపించేది ప్రశాంతతే. చెవుల కదలిక, మెడ బిగింపు, సంరక్షకుని వైపు మళ్లే ధ్యాస వాటి భేదాన్ని కొంతవరకు సూచిస్తాయి. కళ్లకు గంతలు కడితే పక్కలనున్న మనుషులను గమనించే వీలు గుర్రానికి తగ్గుతుంది.

కాబట్టి ప్రశాంతతనే శిక్షణ విజయానికి రుజువుగా స్వీకరించే వివరణ, హాన్స్ యజమాని ఫాన్ ఓస్టెన్ వలెనే, ఫలితాన్ని చూసి ప్రక్రియను ఊహిస్తుంది. స్పందన మానుకున్న గుర్రం ఇరుకు వీధిలో ఎప్పుడు బెదురుతుందో ఆ వివరణ చెప్పలేదు.