‘వద్దు’ లేని భాష

స్త్రీలకు తమదైన భాష కావాలన్నది మనకు కొత్త మాట కాదు. వోల్గా సంపాదకత్వంలో 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చేనాటికే తెలుగులో ఆ చర్చ వేడిమీద ఉంది. అయితే అదంతా ఉన్న భాషను ఎలా మార్చుకోవాలన్న దాని చుట్టూ తిరిగింది. చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకుండా మనం మాట్లాడుకున్న ‘క’ భాష కూడా తెలుగుకు తొడిగిన ముసుగే. అసలు ఏ భాషా పంచుకోని ఇద్దరి మధ్య మాట ఎలా పుడుతుంది? ఈ ప్రశ్నను నా ముందు పెట్టింది పుస్తకం కాదు, ఒక వీడియో గేమ్. వీడియో గేమ్‌కి సాహిత్య విమర్శ ఏమిటని అడిగేవాళ్లుంటారు. ఒకప్పుడు సినిమా గురించీ అలాగే అడిగారు.

గేమ్ పేరు ‘జర్నీ’. జెనోవా చెన్ నాయకత్వంలో దట్‌గేమ్‌కంపెనీ తయారుచేసింది. రాబిన్ హునికీ అనే మహిళ దాని నిర్మాత. 2012లో ప్లేస్టేషన్ 3 మీద, 2019లో కంప్యూటర్ మీద వచ్చింది. ఎర్రటి అంగీ, మెడకు స్కార్ఫు, చేతులు లేని ఒక ఆకారం ఎడారిలో బయల్దేరి దూరాన కనిపించే శిఖరం వైపు నడుస్తుంది. దారిలో అలాంటిదే మరో ఆకారం ఎదురవుతుంది. అది యంత్రం నడిపే బొమ్మ కాదు, ఎక్కడో ఇంకో ఇంట్లో కూర్చుని ఆడుతున్న మనిషి. పేరు తెలీదు, దేశం తెలీదు, ఆడో మగో తెలీదు. మాట్లాడడానికి మైకు లేదు, రాయడానికి అక్షరం లేదు. ఉన్నదల్లా ఒక్క బటన్. తడితే చిన్న కూత, నొక్కిపట్టి వదిలితే దూరం దాకా వినిపించే పిలుపు.

నేను ఆడినప్పుడు మొదట ఇద్దరం ఊరికే కూతలు పెట్టుకున్నాం. కాసేపటికి ఒక చిన్న కూత ‘ఇక్కడే ఉన్నా’ అయింది. వరసగా నాలుగైదు పెడితే ‘తొందరగా రా’ అయింది. ఎవరూ నిర్ణయించలేదు. ఒకరి కూతకు రెండోవారు ఎలా స్పందించారో అదే దాని అర్థమైంది. తర్వాత మంచుకొండ మీద, ఎగిరే రాతి జంతువు కంటపడకుండా దాక్కున్నప్పుడు తోటివారు ఒకే ఒక్క చిన్న కూత పెట్టారు. అదే ‘ఇక్కడే ఉన్నా’. కానీ నేను ‘కదలకు’ అని విన్నాను, కదల్లేదు. సందర్భమే అర్థాన్నిస్తుందని క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను గానీ, అది నా ఒంటికి తెలిసింది అక్కడే.

దీన్ని తెలుగులో రాయబోతే ఇంకో చిక్కు. ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా? మన క్రియ ఏకవచనంలో మగవాణ్ని ఒక పక్కన నిలబెట్టి, ఆడమనిషినీ గొడ్డునూ బండినీ రెండో పక్కకు నెడుతుంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి వెళ్తేగానీ ఆడవాళ్లం మనుషుల్లో కలవం. అందుకే ‘వారు’, ‘పెట్టారు’ అని రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియనివారికి ఆ మర్యాద ఎలాగూ చెల్లుతుంది.

మైకు లేకపోవడం చిన్న విషయం కాదు. ‘హేలో 3’ అనే తుపాకుల ఆటలో ముందే రికార్డు చేసిన మాటలను ఒకసారి ఆడగొంతుతో, ఒకసారి మగగొంతుతో వినిపించి జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. మాటలు అవే. ఆడగొంతుకు మూడు రెట్లు ఎక్కువ ప్రతికూల వ్యాఖ్యలు పడ్డాయి. అలాంటి చోట మైకు ఆపుకుని ఆడడం ఆడవాళ్లు ఒంటరిగా కట్టే సుంకం. ‘జర్నీ’ ఆ సుంకాన్ని అందరి మీదా సమంగా వేసింది. ఇక్కడి మంచితనం కూడా మనుషుల స్వభావంలోంచి ఊరికే ఊడిపడలేదు. తయారీ దశలో ఒకరినొకరు నెట్టుకునే వీలుంటే, ఆడేవాళ్లు తోటివారిని నెట్టి పడేయడం మొదలుపెట్టారని చెన్ చెప్పారు. ఆ వీలు తీసేశారు. దగ్గరకొచ్చి తాకితే ఇద్దరి స్కార్ఫులూ శక్తి నింపుకునేలా చేశారు.

నా అభ్యంతరం ఇక్కడే. మరోసారి ఆడినప్పుడు తెల్ల అంగీ వారొకరు కలిశారు. దారిలోని గుర్తులన్నీ ఏరినవారికే ఆ అంగీ దొరుకుతుంది, అంటే దారి బాగా తెలిసినవారు. నన్ను ప్రతి గుర్తు దగ్గరికీ పిలుస్తూనే ఉన్నారు. నాకేమో ఇసుక మీద పడుతున్న వెలుగు చూస్తూ కాసేపు నిలబడాలనుంది. ఆ సంగతి చెప్పడానికి కూత లేదు. ఏ కూత పెట్టినా ‘వస్తున్నా’ అనే వినిపిస్తుందేమోనని ఊరుకున్నాను. పిలుపులు ఇంకా పెరిగాయి. మౌనం అర్ధాంగీకారమని చెప్పే సమాజంలోంచి వచ్చిన నాకు, నిరాకరణకు మౌనం ఒక్కటే మిగలడం ముచ్చటగా అనిపించలేదు. ఈ గేమ్‌ను మెచ్చుకునేవారు అందులోని సామరస్యాన్నే మెచ్చుకుంటారు. కాదనే వీలు లేకుండా కుదిరిన సామరస్యం మన ఇళ్లలో కావలసినంత ఉంది.

సుజెట్ హేడెన్ ఎల్జిన్ 1982లో నిర్మించిన లాదన్ భాష దీనికి సరిగ్గా ఎదురు కొస. స్త్రీల అనుభవాన్ని చెప్పడానికని పూనుకుని, 1984 నాటి ‘నేటివ్ టంగ్’ నవలకు దాన్నే ఆధారం చేసుకుంది. అందులో ‘రదీయిదిన్’ అని ఒక మాట ఉంది: పేరుకు పండగ, చేసేవాళ్లకు చాకిరీ, ఇంటినిండా చుట్టాలు, సాయానికి ఒక్కరూ రారు. సంక్రాంతి నాడు వంటింట్లో ఉన్న ఎవరికైనా ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు. ఫిర్యాదుకు ఇంత చక్కటి మాటలున్న భాష, ఎల్జిన్ పెట్టుకున్న పదేళ్ల గడువులో వాడుకలోకి రాలేదు. ఒక్కతే కూర్చుని అందరి కోసం చేసింది. అందులో మాట్లాడుకునే తోడు దొరకలేదు.

తోడు దొరికినవాళ్లున్నారు. నికరాగ్వా రాజధాని మనాగ్వాలో 1977లో బధిర పిల్లలకు బడి పెట్టారు. టీచర్లు పెదవుల కదలిక చదవమని స్పానిష్ నేర్పబోయారు. పిల్లలు మాత్రం ఇళ్లలో వాడుకునే సైగలను ఆటస్థలంలో, బడి బస్సులో కలుపుకున్నారు. వాళ్ల తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దానికి వ్యాకరణం కూడా అమర్చారు. అదిప్పుడు ఒక పూర్తి సైగల భాష. కలిసి ఆడే పిల్లలు పోట్లాడుకుంటారు, అలుగుతారు, నీతో ఆడనంటారు. ఆ సైగలన్నీ వాళ్లకు అవసరమే. మర్నాడు మళ్లీ అదే బస్సు వస్తుంది, అలిగిన పిల్ల పక్క సీట్లోనే కూర్చోవాలి.

‘జర్నీ’లో మర్నాడు లేదు. శిఖరం చేరాక తెరమీద తోటివారి పేరు ఒక్కటి కనిపిస్తుంది. మళ్లీ ఆడితే ఎదురయ్యేది ఇంకొకరు. కూతలు మొదటినుంచి.