అమ్మినవాళ్లు సరే, కొన్నవాళ్లేరి?

1999లోనూ, మళ్లీ 2001లోనూ హైదరాబాదులో దత్తత సంస్థల బండారం బయటపడినప్పుడు మన తండాల పేర్లు పత్రికలకెక్కాయి. దేవరకొండ, చందంపేట వైపు లంబాడీ తండాల్లో పుట్టిన ఆడశిశువులు దళారుల చేతుల మీదుగా నగరంలోని శిశుగృహాలకు, అక్కడి నుంచి కొందరు విదేశాలకు చేరారన్నది ఆ వార్తల సారాంశం. ఇది జరిగి పాతికేళ్లు దాటింది. అప్పటి నుంచి దీని మీద తెలుగులో వార్తలు, కథలు, కవితలు వస్తూనే ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు మాకు మళ్లీ మళ్లీ ఒకే వాక్యం అడ్డం పడుతుంది: తల్లి బిడ్డను అమ్ముకుంది.

వ్యాకరణానికి ఏ లోటూ లేని వాక్యమే. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. కొన్నవాడే లేడు. సంతలో మేకను అమ్మినా ఎవరు కొన్నారని అడుగుతారు కదా, పసిబిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకు రాదు?

చట్టం మాత్రం ఈ పొరపాటు చేయలేదు. 2015 బాలల న్యాయ చట్టంలోని 81వ సెక్షన్ బిడ్డను అమ్మినవారిని, కొన్నవారిని ఒకే వాక్యంలో పక్కపక్కనే నిలబెట్టింది. ఇద్దరికీ ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. బిడ్డ తమ సంరక్షణలో ఉండగా ఆ పని చేసినవారికి, ఆసుపత్రి, ప్రసూతి గృహాల సిబ్బందితో సహా, మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. అంటే చట్టం రాసినవారికి ఈ దారి మొత్తం కనిపించింది. మన కథకులకు మాత్రం తండా గుడిసె దగ్గరే చూపు ఆగిపోయింది. విదేశీ దత్తత పేరుతో పిల్లల వ్యాపారం జరగకూడదని లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు 1984లోనే కట్టుదిట్టమైన నియమాలు పెట్టింది. ఆ నియమాలున్న పదిహేనేళ్ల తర్వాత ఇదంతా జరిగిందంటే, ముద్రలూ సంతకాలూ ఉన్న చోట జరిగిందన్నమాట. అక్కడ కథ రాయడానికి ఎంత సరుకుంది! చదువురాని తల్లి చేత వేలిముద్ర వేయించుకున్న పత్రం, తండాలో వందల్లోనో కొద్ది వేలల్లోనో మాట్లాడి అవతల డాలర్లలో లెక్క చూసుకున్న బేరం. ఈ దారిలో దళారీ బస్సు దిగిన దగ్గర నుంచి బిడ్డ విమానం ఎక్కేదాకా రాసిన తెలుగు కథ మాకు ఇంతవరకు దొరకలేదు.

దొరికిందల్లా కన్నీళ్ల తల్లి. లేదంటే కరుకు తల్లి. రెండింటిలోనూ తండా అంటే ఆడపిల్లను వద్దనుకునే చోటు. లంబాడీలకు ఏడాదికొకసారి వచ్చే తీజ్ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడేది వాళ్లే. మునుపు పెళ్లికి మగపిల్లవాడి వైపువాళ్లే ఎద్దులూ డబ్బూ ఇచ్చేవారు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోసిన బిడారాలు పోయి, చెలక నేలల్లో సేద్యం మిగిలి, పక్క ఊళ్ల మర్యాదలు తండాలోకి వచ్చాక ఓలి తిరగబడి వరకట్నమైంది. మూడో ఆడపిల్ల పుట్టిందంటే తండ్రికి భూమి గుర్తొచ్చే పరిస్థితి అలా వచ్చింది. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి లంబాడీ ఆడశిశువుల విషయమై చేసిన అధ్యయనానికి ముట్టడిలో ఉన్న సమాజం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ముట్టడి అంటే బయట ఎవరో ఉన్నారని. ఆ మాటను మన విమర్శకులు పట్టించుకుని ఉంటే చాలా కథలు వేరేగా చదివేవారు.

అయితే దీనికి జవాబుగా మన వైపు నుంచి వస్తున్న కొన్ని కవితలూ మాకు నచ్చడం లేదు. తండా, గూడెం కల్లాకపటం ఎరగనివనీ, చెడు అంతా మైదానం నుంచే వచ్చిందనీ అవి పాడతాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాడు సొంత తండావాడే అయినప్పుడు ఈ కవితలో ఆ పిల్లకు చోటెక్కడ? నాయక్, కారోబారి, పెద్దమనుషులు కూర్చుని తప్పు కట్టించి, చేతులు దులుపుకుంటే ఆ డబ్బు ఎవరి ఇంటికి పోయిందో అందరికీ తెలుసు. 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. పెద్దమనుషుల రాజీకి అందులో చోటు లేదు. మన న్యాయం మనదే అనే మాట భూమి విషయంలో మేమూ అంటాం. పిల్లల ఒంటి మీద ఆ మాట చెల్లదు.

పిల్లల పేరూ ఊరూ బయటపెట్టకూడదని చట్టం చెబితే, కొన్ని వార్తలు పేరు మార్చి తండా పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేస్తాయి. నలభై ఇళ్ల తండాలో ఆ పిల్ల ఎవరో ఎవరికి తెలియదు? కథకులు కూడా 'యథార్థ సంఘటన ఆధారంగా' అని కింద ఒక ముక్క రాసి ఇదే చేస్తున్నారు.

ఇంకొకటి. ఈ పిల్లలు కథల్లో తెలుగు మాట్లాడతారు, అదీ పుస్తకాల తెలుగు. ఐదేళ్ల లంబాడీ పిల్లకు ఇంట్లో వచ్చింది గోర్ బోలీ. యాడీ అని పిలిచే పిల్ల చేత అమ్మా అనిపిస్తే పాఠకుడికి సులువే. అదే పని పోలీస్ స్టేషన్‌లో జరిగితే వాంగ్మూలమే మారిపోతుంది. ఏ చెయ్యి ఎక్కడ పడిందో చెప్పే మాటకు పిల్ల భాషలో ఒక అర్థముంటే, రాసుకునేవాడు తనకు తోచిన తెలుగు ముక్క పెడతాడు. అవసరమైనప్పుడు పిల్లకు అనువాదకుల సాయం ఇవ్వాలని పోక్సో చట్టం చెబుతుంది. వాళ్ల పేర్ల జాబితా జిల్లా బాలల రక్షణ విభాగం దగ్గర ఉండాలని 2020 నియమాలు చెబుతున్నాయి. గోర్ బోలీ, కోయ, గోండి, సవర, కువి భాషల్లోంచి తెలుగులోకి మాట జారకుండా తేగలిగినవాళ్లు ఈ పుస్తకం చదివేవాళ్లలో కొందరైనా ఉంటారు. మీ జిల్లా జాబితాలో మీ భాష ఉందో లేదో వెళ్లి అడగండి. లేకపోతే మీ పేరు రాయించండి.