మల్లె ఆకు దూసే వేళ

పోయిన ఆదివారం పొద్దున్నంతా ఏలూరులో మా మేడ మీద మల్లె ఆకు దూస్తూ కూర్చున్నాం, అమ్మా నేనూ. సంక్రాంతి వెళ్లాక నీళ్లు ఆపేసి చెట్టును ఎండగట్టింది అమ్మ. ఆకు వాడుమొహం పట్టాకే దూయాలి. అంతకుముందు ముట్టుకోనివ్వదు. ఒక్కో రెమ్మనూ ఎడమచేత్తో నిలబెట్టి ఆకును ముడి దగ్గర తుంచాలి. తొక్క లేవకూడదు, కొత్త చిగురు వచ్చేది ఆ ముడిలోంచే. దూసిన ఆకు ఒళ్లో పోగవుతుంటే పచ్చివాసన వేళ్లకు పట్టేస్తుంది. పిట్టగోడ మీద నా ఫోను రెండుసార్లు మోగింది. తీయాలనిపించలేదు.

నాలుగు కుండీలకు రెండు గంటలు పట్టింది. ఆ వారమంతా ఆఫీసు పనితో బిగుసుకుపోయిన మెడ ఎప్పుడు వదులైందో నాకు తెలియలేదు.

అమ్మది కొల్లేటి ఒడ్డు ఊరు. నాన్న పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. పెరట్లో బచ్చలి పందిరి, కనకాంబరాల మడి, కరివేపాకు చెట్టు వదిలేసి రెండు గదుల ఇంట్లోకి వచ్చింది. నిద్ర పోయింది, తిండి తగ్గింది, ఊరికే గుండె దడ. డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి మానసిక ఒత్తిడి అన్నారు. మాత్రలు రాసి, విశ్రాంతి తీసుకోమన్నారు. మా ఇంట్లో అమ్మకు విశ్రాంతి తప్ప మరేముంది? కుర్చీలో కూర్చుని గోడకేసి చూసేది. ఒకరోజు తనే అంది: “ఒరే, ఓ కుండీ తెచ్చిపెట్టరా, చేతులు ఊరుకోడం లేదు.”

వీధిలోకి వచ్చే కడియం మొక్కల బండి దగ్గర మల్లె అంటు కొన్నాం. చెరువు మన్ను, మాగిన పశువుల ఎరువు కలిపి, గడ్డలన్నీ అరచేతుల మధ్య నలిపి కుండీ నింపింది. చిల్లు మీద పెంకుముక్క బోర్లించడం నాకు నేర్పింది ఆ రోజే. మర్నాడు తెల్లారకముందే మేడ మీద చెంబు చప్పుడు. మాత్రలు ఆపలేదు, ఆపమని ఎవరికీ చెప్పను కూడా. కానీ నెల తిరిగేసరికి రాత్రి పదింటికి అమ్మ గదిలో లైటు ఆరిపోతోంది.

ఆ తర్వాతే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల రికార్డులు తిరగేసి, వయసూ పరిస్థితీ కలిసిన 23 జతలను ఎంచాడు. ప్రతి జతలో ఒకరి కిటికీకి చెట్లు, రెండోవారి కిటికీకి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికెళ్లారు, గోడ చూసినవాళ్లు 8.70 రోజులకు. చెట్ల వైపు వాళ్లకు గట్టి నొప్పి మందులూ తక్కువే పట్టాయి. అది చదువుతుంటే నాన్న చివరి పన్నెండు రోజులూ కళ్లముందు కదిలాయి. ఆయన మంచం పక్క కిటికీ తీస్తే ఎదురుగా ఏసీ డబ్బాలు, తడి మరకల గోడ. “బయట వానొస్తోందా?” అని అడిగేవాడు. చెప్పడానికి నేను కిందికి దిగి వెళ్లాల్సి వచ్చేది.

నెదర్లాండ్స్‌లో 2011లో వచ్చిన అధ్యయనం మాత్రం అమ్మ మాటకు దగ్గరగా ఉంది. తోటపని అలవాటున్న 30 మందికి ముందు చిరాకు పుట్టించే పని పెట్టి, తర్వాత అరగంట కొందరిని తోటపనికి, కొందరిని లోపల పుస్తకాలకు పంపారు. ఒత్తిడి పెరిగితే పెరిగే కార్టిసాల్ రెండు గుంపుల్లోనూ తగ్గింది, తోటలో ఉన్నవాళ్లలో ఎక్కువ తగ్గింది. వాళ్ల మనసు పూర్తిగా తేరుకుంది కూడా. చెట్టును చూడటం మంచిదే. చేతికి మన్ను అంటితే ఇంకా మంచిదని నా నమ్మకం. రేపు పొద్దున్నే నీళ్లు పోయాల్సిన మొక్క ఒకటి ఉందంటే ఆ మనిషికి రేపు ఒకటి ఉన్నట్టే.

కొల్లేరు వైపు అప్పుడప్పుడూ అమ్మను తీసుకెళ్తాను. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కి, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించుకున్న సరస్సు అది. అయినా కైకలూరు దారిలో ఎటు చూసినా మళ్లీ చెరువులే, నెత్తిన నీడలేని గట్లు. చెట్టుంటే కొంగ వాలుతుంది, వాలితే చేప పోతుంది అని గట్లు బోడిగా ఉంచుతారట. ఆటపాకలో గూడబాతులు అటవీ శాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. అంత నీళ్లు చూస్తున్నా అమ్మ కళ్లు కుదురుగా ఉండవు. ఒకచోట కాలవ పక్కన కిక్కిస గుబురు కనిపించింది. “ఆపరా” అంది. దిగి, ఆకు మీద చెయ్యి వేసి, దీంతో తాతయ్య దడి ఎలా కట్టేవాడో పావుగంట చెప్పింది. ఏడాదిలో అంతసేపు నాన్న ఊసు లేకుండా మాట్లాడింది అదే మొదటిసారి.

మనకు మొక్కల చదువు కరువు కాదు. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007 నుంచీ ఉంది. అక్కడివాళ్లూ మన ఊళ్లలోని వైద్యులూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే, ఏ వార్డు కిటికీ ముందు ఏ చెట్టు వేయాలో, లేవగలిగిన రోగి చేతికి ఏ కుండీ ఇవ్వాలో తేల్చడం ఎంతసేపు? స్కానింగు యంత్రం ఖరీదుతో పోలిస్తే గానుగ చెట్టు ఖరీదెంత?

దూసిన ఆకంతా అమ్మ మళ్లీ ఆ కుండీల మొదట్లోనే వేసింది. బోడికొమ్మలకు నిండా నీళ్లు పోసింది. ఎన్నాళ్లకు పూస్తాయని అడిగాను. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు మొగ్గ కనపడుతుందంది. ఫాల్గుణం ఇంకా నెల ఉంది.