పులుల నెయ్యి, పరాయి పేర్లు

హెలెన్ బానర్‌మన్ రాసి, బొమ్మలు కూడా తానే వేసిన 'ది స్టోరీ ఆఫ్ లిటిల్ బ్లాక్ సాంబో' 1899లో లండన్‌లో వెలువడింది. ఎడింబరోలో పుట్టిన ఈ స్కాటిష్ రచయిత్రి, ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడైన భర్తతో కలిసి సుమారు ముప్పై ఏళ్లు భారతదేశంలో ఉన్నారు. అందులో చాలాకాలం మద్రాసులోనే గడిచింది. ఇద్దరు కూతుళ్లను కొడైకెనాల్ కొండల మీద విడిచి మద్రాసుకు తిరిగివస్తూ, 1898లో, వారికోసం ప్రయాణంలోనే ఈ కథ అల్లారు. ఒక స్నేహితురాలు ఆ రాతప్రతిని లండన్ తీసుకువెళ్లి, గ్రాంట్ రిచర్డ్స్ అనే ప్రచురణకర్తకు హక్కులతో సహా ఐదు పౌండ్లకు అమ్మారు. ఆ బేరం ఫలితం దశాబ్దాలపాటు కొనసాగింది. రచయిత్రి అదుపు తప్పిన కథను అమెరికాలో ఎందరో ప్రచురణకర్తలు తమకు తోచిన బొమ్మలతో అచ్చువేసుకున్నారు.

అమెరికాలో పిల్లల పుస్తకాలలో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్న చర్చ జరిగినప్పుడల్లా ఈ చిన్న పుస్తకం ప్రస్తావనకు వస్తుంది. అది నల్లజాతి పిల్లలకు జరిగిన అవమానానికి గుర్తుగా నిలిచిపోయింది; ఆ అభిప్రాయం సరైనదే. కాని ఈ కథ జరిగేది ఆఫ్రికాలోనూ కాదు, అమెరికాలోనూ కాదు. పులులున్న చోట, బజారున్న చోట, కరిగిన వెన్నను నెయ్యి అనే చోట జరుగుతుంది. నూరేళ్ల పైబడిన ఈ వివాదంలో భారతదేశం ఏ పని చేసింది, దానిచేత ఏ పని చేయించారు అన్నది వేరుగా చూడవలసిన విషయం. పిల్లల పుస్తకాలలో తమ ముఖం కనబడాలని కోరుకునే ప్రవాస తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతేమీ కాదు.

కథ చాలా చిన్నది. తల్లి కుట్టిన ఎర్ర కోటు, నీలం నిక్కరు, తండ్రి బజారునుంచి తెచ్చిన ఆకుపచ్చ గొడుగు, ఊదారంగు జోళ్లు ధరించి పిల్లవాడు అడవిలో షికారుకు వెళతాడు. నాలుగు పులులు ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. తనను తినకుండా ఉండడానికి ఒక్కొక్క పులికి ఒక్కొక్క వస్తువు ఇచ్చుకుంటాడు. నాలుగు కాళ్లున్న తనకు రెండు జోళ్లెందుకని ఒక పులి అడిగితే, చెవులకు తొడుక్కోమంటాడు. గొడుగు ఎలా పట్టుకోవాలని మరొకటి అడిగితే, తోకతో ముడివేసుకోమంటాడు. తరువాత పులులు నలుగురిలో ఎవరు గొప్పన్న పంతం పట్టి, ఒకదాని తోక ఒకటి కరిచిపట్టి చెట్టు చుట్టూ తిరిగి తిరిగి కరిగి నెయ్యి అయిపోతాయి. తండ్రి ఆ నేతిని ఇత్తడి పాత్రలో ఇంటికి తెస్తాడు. ఆ రాత్రి అట్లు వేసుకుంటే తల్లి 27, తండ్రి 55, పిల్లవాడు 169 తింటారు.

పసిపిల్లల కథగా దీని నడకకు వంక పెట్టడం కష్టం. ప్రాణభయం, దాన్ని తప్పించుకునే తెలివి, చివర కడుపునిండా భోజనం. జానపద కథకులు తరతరాలుగా వాడిన సరుకే. నల్లపిల్లవాడు నాయకుడైన పుస్తకం, అందులోనూ తల్లీ తండ్రీ అతన్ని ప్రేమగా చూసుకునే పుస్తకం, ఆ రోజుల్లో అరుదు కనుకనే ఒకప్పుడు అమెరికన్ గ్రంథాలయాధికారులు దీన్ని మెచ్చుకున్నారు కూడా.

చిక్కంతా బొమ్మల్లో, పేర్లలో ఉంది. బానర్‌మన్ భారతదేశంలో వస్తువులను శ్రద్ధగానే చూశారు: బజారు, నెయ్యి, ఇత్తడి పాత్ర. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చుట్టూ ఉన్న మద్రాసు ముఖాలు ఆమె కుంచెకు అందలేదు. గుండ్రని కళ్లు, మందపు పెదవులు, ఉంగరాల జుట్టు – ఇవి ఇంగ్లండులో అప్పటికే వాడుకలో ఉన్న వెక్కిరింత బొమ్మలనుంచి వచ్చాయి. ఫ్లోరెన్స్ అప్టన్ 'గాలీవాగ్' పుస్తకం 1895లోనే వెలువడింది. 'సాంబో' అన్నమాట అంతకుముందే నల్లవారిని తేలికచేసే పేరుగా ఉంది. తల్లి పేరు మంబో, తండ్రి పేరు జంబో. ఈ మూడు పేర్లూ ఏ భారతీయ భాషవీ కావు. అన్నట్టు, ఆ ఇంటి వంట కూడా అనుమానాస్పదమే: గోధుమపిండి, కోడిగుడ్లు, పాలు, చక్కెర కలిపి పోసిన ఆ అట్లు బ్రిటిష్ వంటింటి పాన్‌కేకులే, వాటిలో దేశీయమైనది పులుల నెయ్యి ఒక్కటే.

అట్లాంటిక్ దాటాక ఈ అస్పష్టత పూర్తిగా ఒకవైపు ఒరిగింది. అమెరికన్ చిత్రకారుల చేతిలో మంబో తలకు గుడ్డ చుట్టుకున్న తోటబానిసల నాటి వంటమనిషిగా, ఊరు దక్షిణ రాష్ట్రాల పత్తితోటగా మారాయి. 1935లో అబ్ ఐవర్క్స్ తీసిన కార్టూన్ చిత్రం ఆ వెక్కిరింతను తెరమీదికి ఎక్కించింది. 1932లోనే కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఈ పుస్తకాన్ని ప్రస్తావిస్తూ, తెల్లపిల్లలకు నవ్వు తెప్పించే ఈ బొమ్మలు అప్పటికే అవమానాలు పడివున్న నల్లపిల్లలకు మరొక దెబ్బ అవుతాయని రాశారు. బడిలో తోటిపిల్లలు 'సాంబో' అని పిలిచినప్పుడు, కథ నిజానికి భారతదేశంలో జరుగుతుందన్న వివరణ ఆ పిల్లవాడికి ఏమాత్రం సాయపడదు.

ఆ వివరణ సాయపడింది మరొకరికి. 1957లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 'సాంబోస్' అనే భోజనశాల వెలిసింది. యజమానులిద్దరి పేర్లలోని అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. పులుల కథ దానికి అలంకారంగా అమరింది. ఆ సంస్థ దేశమంతటా వెయ్యికి పైగా శాఖలకు పెరిగింది. పౌరహక్కుల ఉద్యమం బలపడిన కాలంలో గోడలమీది బాలుడి రంగు తేలిపోయింది, నెత్తిన రత్నాల తలపాగా వచ్చింది. ఇతను నల్లపిల్లవాడు కాడు, భారతీయ బాలుడు అని చెప్పుకోవడానికి ఆ తలపాగా పనికివచ్చింది. పేరు మీద నిరసనలు ఆగలేదు. 1981లో సంస్థ దివాలా తీసింది. మిగిలిన మొదటి భోజనశాల కూడా 2020లో పేరు మార్చుకుంది. ఈ ఉదంతంలో తెలుగు పాఠకులు గమనించవలసింది ఆ తలపాగానే. అమెరికన్ జాతివివక్ష తన ముఖాన్ని దాచుకోవలసివచ్చినప్పుడు భారతదేశాన్ని ముసుగుగా వాడుకుంది. భారతీయ బాలుడి మీద గౌరవంతో వేసిన బొమ్మ కాదది.

1996లో ఒకే సంవత్సరం ఈ కథకు రెండు కొత్త రూపాలు వచ్చాయి. ఫ్రెడ్ మార్సెలీనో 'ది స్టోరీ ఆఫ్ లిటిల్ బాబాజీ' పేరుతో బానర్‌మన్ వచనాన్ని దాదాపు అలాగే ఉంచి, బొమ్మలను పూర్తిగా భారతదేశానికి మార్చారు. జూలియస్ లెస్టర్ రచనతో, జెర్రీ పింక్నీ చిత్రాలతో 'సామ్ అండ్ ది టైగర్స్' వచ్చింది. మరి కొన్నేళ్లకు, 2003లో, క్రిస్టఫర్ బింగ్ పాత పేరునూ వచనాన్నీ అలాగే ఉంచి, భారతదేశపు అడవిలో ఆఫ్రికన్ బాలుడిని నిలబెట్టారు. మంచి చిత్రకారుడి శ్రమ అందులో కనిపిస్తుంది. ఆ శీర్షికను మళ్లీ పిల్లల చేతికి ఎందుకివ్వాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు కనిపించదు.

మార్సెలీనో పుస్తకం చూడముచ్చటగా ఉంటుంది. పులుల ముఖాలలో పలికిన గర్వం, అసూయ గొప్ప చిత్రకారుడికే సాధ్యం. అవమానకరమైన పేర్లు పోయాయి, కథ తన నేలకు తిరిగివచ్చింది అని చాలామంది సంతోషించారు. భారతీయ పాఠకుడికి ఆ సంతోషం పేర్ల దగ్గర ఆగిపోతుంది. పిల్లవాడి పేరు బాబాజీ, తల్లి పేరు మామాజీ, తండ్రి పేరు పాపాజీ. బాబాజీ అంటే సాధారణంగా సాధువో, పెద్దాయనో. హిందీలో మామాజీ అంటే మేనమామ. అంటే ఈ పుస్తకంలో కోటు కుట్టి తొడిగి, అట్లు పోసిపెట్టే తల్లిని మేనమామ అని పిలుస్తున్నారు. హిందీ రెండు ముక్కలు తెలిసిన ఏ తెలుగు విద్యార్థి అయినా పట్టుకోగల పొరపాటు ఇది. అమెరికన్ చెవికి 'మామా', 'పాపా', 'బేబీ' తెలుసు. వాటికి 'జీ' తగిలిస్తే భారతదేశం తయారయింది. తలపాగా గోడమీది బొమ్మకు చేసిన పనే ఇక్కడ 'జీ' చేసింది. ఒక అవమానాన్ని దిద్దే పని ఇందులో నిజాయితీగానే జరిగింది. కాని ఆ కొత్త పేర్లను ఏ భారతీయుడికీ వినిపించి చూసుకున్న గుర్తు పుస్తకంలో లేదు.

లెస్టర్, పింక్నీ ఎంచుకున్న దారి వేరు. ఇద్దరూ ఆఫ్రికన్ అమెరికన్లు. 1987లో 'టేల్స్ ఆఫ్ అంకుల్ రీమస్'కు ఇలాగే కొత్త ఊపిరి పోసినవారు. భారతదేశాన్ని వారు వదిలేశారు. సామ్-సామ్-సా-మారా అనే ఊహాలోకంలో మనుషులూ జంతువులూ కలిసి తిరుగుతారు; అక్కడ అందరి పేరూ సామ్. అవమానించడానికి వాడిన పేరును విరిచి, అందరికీ పంచిపెట్టి, దానిలోని విషాన్ని తీసేశారు. కథ చెప్పే గొంతు దక్షిణ రాష్ట్రాల నల్లవారి ఇంటి గడపమీద కూర్చున్న పెద్దలది. ఇందులో భారతీయుడు ఒక్కడూ లేడు. అయినా రెండింటిలో ఇదే నిజమైన పుస్తకం. మాట్లాడుతున్నదెవరో, ఎవరితో మాట్లాడుతున్నారో ప్రతి పేజీలో తెలుస్తూనే ఉంటుంది. లిటిల్ బాబాజీలో చీర, తలపాగా, తాటిచెట్టు ఉన్నాయి గాని, వాటి మధ్యనుంచి మాట్లాడేది ఇప్పటికీ బానర్‌మన్ గారే.

భారతీయుడు రాసిన భారతీయ కథ అమెరికన్ పిల్లలకు ఎక్కదన్న సాకు కూడా చెల్లదు. కలకత్తా మేడలమీద పావురాలు పెంచిన ధనగోపాల్ ముఖర్జీ రాసిన 'గే-నెక్' 1928లోనే న్యూబెరీ పతకం పొందింది. ఆ పావురానికి ఉన్నంత స్పష్టమైన ఊరు, ఆకాశం బాబాజీకి లేవు. 2020లో డిస్నీ జూనియర్ ప్రసారం చేసిన 'మీరా, రాయల్ డిటెక్టివ్'లో గొంతులు భారతీయ మూలాలున్న నటులవే, అది చిన్న మార్పు కాదు. కథాస్థలం మాత్రం జల్‌పూర్ అనే కల్పిత రాజ్యం. ఎవరికీ చెందని భారతదేశం.

అంకెల చర్చకు అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. 1965లో నాన్సీ లారిక్ మూడేళ్లలో 63 సంస్థలు ప్రచురించిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలించి, నల్లవారు ఒక్కరైనా కనిపించేవి 349 మాత్రమేనని, అంటే 6.7 శాతమేనని చూపారు. 1985లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు బాలల గ్రంథ కేంద్రం లెక్కిస్తే, సుమారు 2,500 పుస్తకాలలో నల్ల రచయితలు, చిత్రకారులు సృష్టించినవి 18. లెక్క అవసరమే. అయితే అటువంటి లెక్కలో లిటిల్ బాబాజీ కూడా భారతీయ పాత్ర ఉన్న పుస్తకంగా ఒక గీత గీయించుకుంటుంది.

1990లో రూడీన్ సిమ్స్ బిషప్ పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చారు. అమెరికాలో పిల్లలను పెంచుతున్న భారతీయ తల్లిదండ్రులకు ఈ పోలికలో అద్దం మాట బాగా నచ్చింది. తమ పిల్లకు తన రంగు, తన పేరు, తన డబ్బాలోని పులిహోర పుస్తకంలో కనిపించాలన్న కోరిక న్యాయమైనదే. బిషప్ వ్యాసంలో రెండో సగం అంతగా వినిపించదు. అద్దాలు మాత్రమే దొరికే పిల్లలు, అంటే ఏ పుస్తకం తెరిచినా తమనే చూసుకునే వర్గాలవారు, లోకంలో తమ స్థానాన్ని ఎక్కువగా ఊహించుకుంటారని ఆమె హెచ్చరించారు. ఆమె ఉద్దేశించింది అమెరికాలోని తెల్లపిల్లలను. తెలుగు ఇంట్లో ఆ మాట ఎవరికి వర్తిస్తుందో తెలియాలంటే, అదే ఇంట్లో ఉండే రెండో పుస్తకాల అరను చూడాలి.

ఆ అరలో అమర్ చిత్ర కథ సంపుటాలు ఉంటాయి. 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన ఈ మాలలో దేవతలు, రాజకుమార్తెలు లేత రంగులో, రాక్షసులు ముదురు రంగులో, కోరలతో ఉండడం ఎన్నోసార్లు విమర్శకు గురైంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ పాత సంచికల స్కాన్లు ఉంటాయి. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో ఆ పత్రిక తీర్చిదిద్దిన తేట వచనానికి, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలకు సాటి వెతకడం కష్టం. అయినా ఆ కథల ఊళ్లలో రాజు, మంత్రి, వర్తకుడు, పేద బ్రాహ్మణుడు తిరుగుతుంటారు. మాలపల్లెనుంచి వచ్చే పిల్లవాడు నాయకుడై దాదాపు కనిపించడు. ముస్లిము బాగ్దాదు ఖలీఫాగా వస్తాడు గాని కావలిలో పక్కింటి కుర్రవాడిగా రాడు. బానర్‌మన్‌కు మద్రాసు ముఖాలు కనిపించలేదని చెప్పే నోటితోనే ఈ సంగతీ చెప్పుకోవాలి. అమెరికన్ అర ముందు అల్పసంఖ్యాకుడైన ప్రవాస తెలుగు పాఠకుడు, ఈ అర ముందు చాలాసార్లు ఆధిక్యం ఉన్న వర్గానికి చెందినవాడు.

ఈ ఖాళీని పూరించే ప్రయత్నం హైదరాబాదులోనే జరిగింది. స్త్రీల అధ్యయన కేంద్రం 'అన్వేషి' చొరవతో 2008లో 'డిఫరెంట్ టేల్స్' అనే పిల్లల పుస్తకమాల తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషలలో వచ్చింది. రాసినవారిలో గోగు శ్యామల, జూపాక సుభద్ర, గోపిని కరుణాకర్, మహమ్మద్ ఖదీర్‌బాబు ఉన్నారు. ఖదీర్‌బాబు పుస్తకం తలకాయ కూర గురించి. సామ్రాజ్యాలు, సుల్తానులు లేని మామూలు ఇంటి వంట. గోగు శ్యామల కథలో గెలిచే దళిత బాలికకు ఉన్న పిలుపుపేరు తాటకి. రెండు అరలూ పక్కపక్కన ఉన్న ఇంట్లో, రామాయణం బొమ్మల పుస్తకంలో తాటకను ఏ రంగులో వేశారో చూసివచ్చిన పిల్ల ఈ కథ తెరిస్తే, అదే పేరుతో తన ఈడు పిల్ల ఎదురవుతుంది. తెలుగు చదవడం రాని పిల్లలకోసం ఈ కథ ఇంగ్లీషులోనూ ఉంది.