ఆర్సీలో వణికిన జుంకా

పెళ్లికూతురి ముఖం స్పష్టంగా ఉంది. రెప్పలు సగం వాలాయి. పై పెదవి మీద సన్నటి చెమట. చెవి జుంకా మాత్రం చెదిరింది. ఈ ఫొటోలో నన్ను కట్టిపడేసింది ఆ చెదిరిన జుంకాయే.

పాతబస్తీలో, షాలిబండలో జరిగిన నికా అది. తీసింది పెళ్లికూతురితో డిగ్రీ చదివిన అమ్మాయి. చార్మినార్ దగ్గర పావురాలనూ, లాడ్‌బజార్ గాజుల అంగళ్లనూ సరదాగా తీసిందే తప్ప పెళ్లికి కెమెరా పట్టడం అదే మొదలు. పెళ్లికొడుకును ఆడవాళ్ల వైపు తీసుకొచ్చే వేళకి బయటి ఫొటోగ్రాఫర్ వద్దన్నారు పెద్దలు. “నువ్వు తియ్యవే, నీ ముందు నాకేం సిగ్గు” అందట పెళ్లికూతురు. ఇష్టపడి నాకు చూపించిందీ ఆమే.

ఆ ఘట్టాన్ని ఆర్సీ ముసఫ్ అంటారు. దంపతుల ముందు ఖురాన్‌నూ అద్దాన్నీ ఉంచి, తలల మీదుగా ఎర్రటి దుపట్టా కప్పుతారు. ఆ చాటున ఒకరినొకరు అద్దంలో చూసుకుంటారు. హిందువుల పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టాక అడ్డుతెర తీస్తే చూపులు ఎదురెదురుగా కలుస్తాయి. ఇక్కడ చూపు అద్దం మీదుగా చుట్టు తిరిగి చేరుతుంది. సూటిగా చెప్పక స్ఫురింపజేసే ధ్వనే కావ్యానికి ఆత్మ అన్న ఆనందవర్ధనుడు ఈ వేడుకను చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో!

అద్దాన్ని ఫొటో తీయడం తేలిక కాదు. చట్రం మీద ఫోకస్ పెడితే లోపలి ముఖం మసకబారుతుంది. ముఖం అద్దానికి ఎంత దూరాన ఉందో, ప్రతిబింబం అద్దం వెనక అంత లోతున ఉన్నట్టు లెక్క. ఈ అమ్మాయి ముఖాన్నే ఎంచుకుంది. వెండి చట్రం కరిగి పొగలా మిగిలింది. ఫ్లాష్ వేయలేదు. వేసి ఉంటే అద్దం ఆ వెలుగును కళ్లలోకే తిప్పికొట్టేది. దుపట్టాలోంచి వడకట్టుకుని వచ్చిన ఎర్రటి వెలుగే దిక్కు. అది చాలక షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు తెరుచుకుని ఉంది. ఆ కాస్త వ్యవధిలో జుంకా కదిలింది.

వేపథువు, అంటే వణుకు, ఇదే. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో వణుకు ఒకటి, చెమట ఒకటి. మనసు లగ్నం కానిదే అవి పుట్టవంటాడు భరతుడు. ఫ్లాష్ కొట్టి నిలబెట్టేసిన ఫొటోలో నగ ఉంటుంది, నగ పెట్టుకున్న మనిషి గుండెదడ ఉండదు. ఇక్కడ జుంకా ఆ దడను రాసిపెట్టింది.

స్టేజీ మీది గ్రూపు ఫొటోల్లో చెప్పుకోదగ్గది లేదు. మిగతావాటిలో ఒక్కటి మాత్రం అపురూపం. తల్లి కూతురి మణికట్టుకు లక్క గాజులు ఎక్కిస్తోంది. లక్కలో పొదిగిన ఒక్కో అద్దపు తునకలో గదిలోని ట్యూబ్‌లైటు ఒక్కో సన్నగీతగా మెరుస్తోంది. తల్లి బొటనవేలు కూతురి చర్మాన్ని నొక్కినచోట తెల్లబడింది. కరుణను బయటపెట్టే గుర్తుగా అంతకు మించిన అనుభావం నాకు తోచదు.

ఈ నగరంలో ఆడవాళ్ల వైపు కెమెరా వెళ్లడం కొత్త కాదు. ఇందోరులో పీడబ్ల్యూడీ కొలువు చేస్తూ సరదాగా ఫొటోలు మొదలుపెట్టిన రాజా దీన్‌దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాక, 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అక్కడ స్త్రీలు కెమెరా దగ్గరికి వెళ్లి కదలకుండా కూర్చోవాలి. ఇక్కడ కెమెరాయే వచ్చి స్నేహితురాళ్ల మధ్య చేరింది. కదిలే హక్కు పెళ్లికూతురికి దక్కింది.

ఆ ఇంటివాళ్లకు నా మనవి ఒకటే. ఆర్సీ ఫొటోను కరిజ్మా ఆల్బమ్‌లో పూల డిజైన్ల మధ్య ఇరికించకండి. మ్యాట్ కాగితం మీద పెద్దగా ప్రింటు వేయించండి. దుపట్టా అంచున ఉన్న చీకటిని తెల్లబరచనివ్వకండి, జుంకాను సరిచేయనివ్వకండి.